నా జానతో వేసిన మొక్కజొన్న

దేవుడు నన్ను చేసే పూటకి మట్టి అయిపోయి ఉండాలి, లేకపోతే ఆ రోజు ఆయనకి కూలీలు రాక పని సగంలో ముగించి ఇంటికి వెళ్ళిపోయి ఉండాలి. నేను చెప్పులు కొనుక్కోవాలంటే ఇప్పటికీ కోటబొమ్మాళి బజారులో పిల్లల చెప్పులు వేలాడదీసిన వైపుకే నడుస్తాను. ఏ దర్జీ కుట్టినా నా చొక్కా చేతికి ఒక మడత మిగులుతుంది. తలపూత, అదే జల్లు, వేసిన మొక్కజొన్న చేలోకి నేను దిగానంటే, దగ్గితే తప్ప ఎక్కడున్నానో గట్టు మీదవాళ్ళకి తెలియదు. ఇవన్నీ ఇంకొకరు అనకముందే నేనే అనేసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు, ఎందుకంటే ఎదుటివాడు రాయి తీసే లోపల మనమే నవ్వేస్తే, ఆ రాయిని ఏం చేసుకోవాలో తెలియక వాడే కింద పడేస్తాడు. ఈ కిటుకుతోనే అరవై ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చాను. ఒక్కసారి మాత్రం అది బాగా పనిచేసింది కాబట్టే కొంప మునిగింది, ఆ సంగతి చెప్పడానికే ఇదంతా.

మొన్న వరి కోతలైన నాలుగు రోజులకి మా పక్క పొలంలోకి, ట్రాక్టరుకి తగిలించి విత్తనం వేసే యంత్రం ఒకటి వచ్చింది. విజయనగరం వైపు నుంచి అద్దెకి తెచ్చారట. డ్రైవరు నడివయసు మనిషి. దిగి, చేతిలో పానా పట్టుకుని, గింజలు వదిలే చక్రం మార్చాలి గనక మొక్కకీ మొక్కకీ ఎంత దూరం పెట్టమంటారో చెప్పమన్నాడు. అంతే, గట్టు మీద నిలబడ్డ పదిమందీ ఒక్కసారి నా చేతికేసి చూశారు. నేను ఆ చేతిని తువ్వాలు కిందికి తోసేసి, "నన్నడక్కు బాబూ, నా జానతో ఒకపాలి ఏసేం. గింజలు రానేదు గాని మొక్కలు మాత్రం తిరనాళ్ళకొచ్చినట్టొచ్చేయి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు, సంగతి తెలియని ఆ డ్రైవరుతో సహా. నవ్వనిది ఒక్క మనిషే, మా అప్ప. అక్కని మా వైపు అప్ప అంటాం. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, చెన్నై నుంచి వచ్చి పది రోజులుగా నా ఇంట్లోనే ఉంది. కొంగు నెత్తిన వేసుకుని, యంత్రం వేసుకుపోతున్న వరసల్ని చూస్తూ, నేను అక్కడ లేనట్టే నిలబడింది.

నా చదువు ఐదో తరగతి దాకా, అంటే ఐదో తరగతి గుమ్మం దాకా. మా మాస్టారు ఒకరోజు లెక్కల పాఠంలో బల్లని జానలతో కొలవమన్నారు. బొటనవేలి చివర నుంచి చిటికెనవేలి చివర దాకా చెయ్యి చాపితే జాన, ఇది మనందరికీ తెలిసిందే. మిగతా పిల్లలందరికీ ఏడు జానలొచ్చిన బల్ల నాకు తొమ్మిదిన్నర వచ్చింది. వెక్కిరిస్తున్నాననుకుని ఆయన ఒకటి తగిలించారు. మళ్ళీ కొలిచాను, మళ్ళీ తొమ్మిదిన్నరే. చెయ్యి పొట్టివాడికి లోకంలో ఏది కొలిచినా ఎక్కువే వస్తుంది, కాబట్టి వాడికి ఎప్పుడూ ఏదీ తక్కువ అనిపించదు అనే జ్ఞానం నాకు ఆ బల్ల దగ్గరే కలిగింది. ఆ జ్ఞానాన్ని మనసులో ఉంచుకోకుండా పైకి అనేశాను, రెండో దెబ్బ అందుకు పడింది. ఆ ఏడే మా అయ్య, గోగు పనికి మనుషులు చాలడం లేదని నన్ను బడి మాన్పించాడు. మాస్టారు గానీ నేను గానీ పెద్దగా బాధపడినట్టు గుర్తు లేదు.

నా ఈడువాళ్ళకి గోగు గురించి చెప్పనక్కర్లేదు గాని, తరవాతివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోగంటే పచ్చడి చేసుకునే గోంగూర కాదు, దాని చుట్టం. నార కోసం వేసేది. మా ఊరి మెట్టంతా అదే ఉండేది. కోసి, కట్టలు కట్టి, గెడ్డలో, అంటే వాగులో, పైన రాళ్ళు పెట్టి నీళ్ళకింద నానేసి, రెండు మూడు వారాలకి కుళ్ళిన కాడ నుంచి నార ఒలిచి, ఉతికి, గట్ల మీద ఆరేసేవాళ్ళం. ఆ రోజుల్లో మా ఊరివాడు శ్రీకాకుళం బస్సెక్కితే టికెట్టు అడగకముందే కండక్టరుకి మా ఊరి పేరు తెలిసిపోయేది, వాసనని బట్టి. సబ్బులతో పోయే వాసన కాదది. పెళ్ళిళ్ళలో కూడా మగపెళ్ళివారిని మేం వాసన చూసే పోల్చుకునేవాళ్ళం.

ఆ గోగుకి ఒకటే సూత్రం, ఒత్తుగా పడాలి. పలచగా పడితే మొక్క కులాసాగా కొమ్మలు వేస్తుంది, కొమ్మ వచ్చిన చోటల్లా నార తెగుతుంది. ఒత్తుగా పడితే ఒకదాన్నొకటి తోసుకుంటూ, వెలుతురు కోసం ఎగబాకుతూ, కొమ్మా రెమ్మా లేకుండా వాసంలా నిటారుగా పోతుంది. మా అయ్య చేను చూసుకునే పద్ధతి ఒకటుండేది: గట్టు మీద నిలబడి భుజం మీది తువ్వాలు తీసి గోగు మీదకి విసిరేవాడు, అది కింద పడకుండా పైనే పరుచుకుంటే పంట బాగా వేసినట్టు. అవతలివాళ్ళ చేలో తువ్వాలు జారిపోయిందని పెళ్ళి సంబంధం వద్దనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు మా వైపు. పలచన అంటే సోమరితనం, ఒత్తు అంటే పౌరుషం, ఇది మాకు పాలతో పాటు పట్టేశారు. మొక్కకి పక్క మొక్క తోపుడు ఉండాలి, అప్పుడే ఎదుగుతుంది అని మేం నమ్మాం, గోగు విషయంలో అది నిజం కూడా. ఇంకే మొక్క విషయంలోనైనా అది అబద్ధం కావచ్చుననే ఆలోచనే మాకు రాలేదు.

తరవాత గోగు పోయింది. మిల్లులు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి, నారకట్టలు వసారాల్లో ఎలకలకి పరుపులయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇప్పటికి ఇరవై ఏళ్ళ పైమాటే, మొక్కజొన్న వచ్చింది. అంతకు ముందు మొక్కజొన్నంటే మాకు పెరట్లో నాలుగు మొక్కలు, వానాకాలంలో కాల్చుకు తినే పొత్తులు; అది సంచుల్లో విత్తనమై, దానికో రకం పేరూ నంబరూ ఉండి, వరి కోసిన మళ్ళలో దున్నకుండానే తడిమీద కర్రతో గుచ్చి వేసే పంట అవుతుందని ఎవరనుకున్నారు? ఊళ్ళో మీటింగు పెట్టి చెప్పారు, మొక్కకీ మొక్కకీ జానెడు, వరసకీ వరసకీ రెండడుగులు అని. ఎవరి జానో వాళ్ళు చెప్పలేదు, ఎవరి అడుగో మేం అడగలేదు.

వసారాలో మిగిలిన ఆఖరి గోగునారతో నేనొక తాడు పేనాను. చేనుకి అడ్డంగా అటు గట్టు నుంచి ఇటు గట్టుకి చాలేటంత పొడుగు. దాని మీద జానకొక ముడి వేసుకుంటూ పోయాను, నా జానతో. వరసల కోసం రెండు కర్రలు కోశాను, నా రెండడుగుల పొడవున. తాడు లాగి కట్టడం, ముడి ఉన్న చోటల్లా ఆడవాళ్ళు గుచ్చి గింజ వేసుకుపోవడం, కర్రతో కొలిచి తాడుని ముందుకి జరపడం, పని చకచకా సాగిపోయేది. ఇప్పుడు మీరే చూసుకోండి, చెయ్యీ పొట్టిదే, కాలూ పొట్టిదే. అటునుంచి ఇరుకే, ఇటునుంచీ ఇరుకే. ముగ్గురుండాల్సిన చోట నేను దగ్గర దగ్గర ఐదుగుర్ని కూర్చోబెట్టానన్నమాట.

అయినా మొదటి ఏడు పంట విరగపండింది, అదీ నా దురదృష్టం. ఇంటి వెనకాల నా అర ఎకరం, పశువుల పెంట ఏళ్ళ తరబడి పడ్డ నేల, పక్కనే నుయ్యి, ఆ ఏడు దుకాణంలో దొరికిన విత్తనం ఆకులు ఆకాశంకేసి నిక్కి ఉండే రకం. ఆ మొక్కలు ఇరుకులో కూడా ఒకదాని వెలుతురు ఒకటి తినకుండా, క్యూలో నిలబడ్డ బుద్ధిమంతుల్లా ఎదిగాయి. ఊరంతా వచ్చి చూసి వెళ్ళారు. ఐదో తరగతి గుమ్మం దగ్గర ఆగినవాడు, ఏ సభలోనూ నోరు విప్పడానికి లేనివాడు, ఒక్కసారిగా సలహాలిచ్చేవాడయ్యాడు. నా తాడుకి హస్తవాసి ఉందన్నారు. హస్తం సంగతి నాకు తెలుసు గనక నేనూ నవ్వి ఊరుకున్నాను, కాదని మాత్రం అనలేదు.

మా బావ గురించి ఇక్కడ చెప్పాలి. అప్పని చేసుకున్నవాడు, నిలువెత్తు మనిషి, చెయ్యి చేటంత ఉండేది. మాట తక్కువ. నేనేదన్నా అంటే ముందు పొట్ట కదిలేది, తరవాత భుజాలు, చిట్టచివరికి నవ్వు నోటిదాకా వచ్చేది. ఆ నవ్వు కోసం నేను ఎంత దూరమైనా నడిచి వెళ్ళి జోకు చెప్పి వచ్చేవాణ్ణి. సొంత నేల సెంటు లేదు. పదిహేనేళ్ళు ఒకరి చేలో పని చేశాడు, తన చేలో తను పని చెయ్యాలన్న కోరిక ఒక్కటే ఆయనకి, అది కూడా ఎవరితోనూ అనేవాడు కాదు. ఎవరి గట్టు మీద నడిచినా వంగి మట్టి చిదిమి చూసేవాడు, అంతే. శ్రీకాకుళంలో ఉండే ఒక పెద్దమనిషికి వంశధార కాలవ వార మూడెకరాలుండేవి. ఆయన్ని ఏడాదిపాటు తిరిగి తిరిగి బావ ఒప్పించాడు. ఆయన పెట్టిన షరతు చాలా సూటిగా ఉంది: వరి కోసాక ఒక్క మొక్కజొన్న పంట వేసి చూపించు, బాగుంటే ఐదేళ్ళు కౌలుకి నీకే రాసిస్తాను, లేకపోతే సరుగుడు మొక్కలు నాటేసుకుంటాను, నాకీ రైతుల గొడవ వద్దు. ఆ ఐదేళ్ళ మాట వచ్చిన రోజు అప్ప మా ఇంటికొచ్చి అరగంట కూర్చుంది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ఊరొదిలి వలస పోయే పని తప్పినట్టే కదా అని నన్నడిగింది, నేనేదో ఆ కాగితాల మీద సంతకం పెట్టేవాణ్ణయినట్టు.

విత్తే రోజు బావ నా తాడు భుజాన వేసుకుని, దాని ముడులు తడుముతూ, కొంచెం మొహమాటంగా, "బామ్మర్దీ, ముళ్ళు దగ్గరగున్నాయేటో, నా సేత్తో ఒకపాలి కొలిసి కడదావా?" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని అందరికీ ఎత్తి చూపించి, "ఈ సేత్తో కొలిస్తే ఎకరానికి పది మొక్కలు పడతాయి. మిగతా సోటు బంతాట ఆడుకోడానికా?" అన్నాను. పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, నవ్వు నోటిదాకా వచ్చింది. తాడు అలాగే కట్టారు. ఎకరానికి ఇన్ని సంచులని విత్తనం సంచి మీద రాసి ఉంది. ఎకరంలో ఇంకా సగానికి కాస్త తక్కువ మిగిలుండగానే విత్తనం అయిపోయింది. బావ మళ్ళీ దుకాణానికి పరిగెత్తాడు. అదెందుకు చాలలేదో ఆగి ఆలోచించాల్సిన చోటు అది. గోగు వేసిన బుద్ధులు మావి, విత్తనం ఎక్కువ పట్టిందంటే పంట ఎక్కువ వస్తుందనే సంబరపడ్డాం. పైగా ఆ ఏడు పాత రకం దొరకలేదు, దుకాణంవాడు ఇంకొకటిచ్చాడు, పొత్తు చాలా పెద్దది పడుతుందని. దాని ఆకులు వెడల్పుగా, పక్కలకి వాలి, చేతులు బార్లా చాపి నిలబడ్డ మనిషిలా ఉండేవి. ఆ ఆకుల్ని చూసి కూడా నాకేం తట్టలేదు.

మోకాలెత్తు పెరిగినప్పుడు మండలం నుంచి వ్యవసాయం ఆఫీసరు మోటారుసైకిలు మీద వచ్చాడు. నెమ్మదైన మనిషి. చేలోకి దిగి, జేబులోంచి ఇనప టేపు తీసి వరస పక్కన పరిచాడు, తరవాత అడ్డంగా పరిచాడు. ఆ టేపు పక్కన మొక్కల్ని చూసిన క్షణాన నాకు అర్థమైపోయింది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఆ తరవాత ఇన్నేళ్ళూ తెలియక చేశానన్నట్టే నటించాను. తొమ్మిదిన్నర జానల బల్ల కళ్ళ ముందు కనిపించింది. ఆఫీసరు బావతో అన్నాడు, "ఇది ఇరుక్కి ఓర్చుకునే రకం కాదండీ. ఇప్పుడే మూడింట ఒక మొక్క పీకేయించండి. బాధగానే ఉంటుంది గాని, లేకపోతే చొప్ప మిగులుతుంది, గింజ మిగలదు." ఒక్కో రకానికి ఒక్కో ఓపిక ఉంటుందనీ, మొక్కలన్నీ ఒకే నీళ్ళు ఒకే ఎరువు పంచుకోవాలనీ, కిందటేడు నా పెరట్లో జరిగింది ఇక్కడ జరగదనీ విడమరిచి చెప్పాడు.

అప్ప అప్పటికే వంగి ఒక మొక్క పీకేసింది. వేళ్ళకి తడి మట్టి అంటుకుని ఉన్న మొక్కని చేతిలో పట్టుకుని, బావ వైపు కాకుండా నా వైపు చూసింది. బావా నా వైపే చూశాడు. అటు గట్టు మీద ఊరివాళ్ళు పదిమంది నా వైపే చూస్తున్నారు. ఆ క్షణంలో నేను ఆ తాడు తప్పు, నా చెయ్యి పొట్టిది, పీకెయ్యండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. మూడింట ఒకటి పీకితే మిగతా రెండింటికీ ఊపిరాడేది. కాని ఆ మాట అంటే హస్తవాసి పోతుంది. ఎదుటివాడు రాయి తీసే లోపల నవ్వించడం తప్ప నాకింకో విద్య రాదు. నేను ఆఫీసరుకి దణ్ణం పెట్టి, "బాబుగోరూ, కోటబొమ్మాళి నుంచి సీకాకుళం బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురం కూకుంటాం. ముగ్గురూ సీకాకుళం సేరుతన్నారా నేదా?" అన్నాను.

గట్టు గట్టంతా గొల్లుమంది. ఆఫీసరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు, పాపం మంచివాడు. బావకి పొట్ట దగ్గర మొదలైన నవ్వు నోటిదాకా వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. అప్ప కూడా నవ్వింది. నవ్వుతూనే వంగి, పీకిన మొక్కని మళ్ళీ అదే గోతిలో నిలబెట్టి, కాలి బొటనవేలితో మట్టి అదిమింది. అది మూడు రోజులకి వాడిపోయింది. ఆ మూడెకరాల్లో నా మాట విని చచ్చిపోయిన మొదటి మొక్క అదే.

తరవాత నెల రోజులు ఆ చేను చూడముచ్చటగా ఉంది. నల్లటి పచ్చదనం, గోడ కట్టినట్టు. మా అయ్య బతికుంటే తువ్వాలు విసిరి చూసేవాడు, చచ్చినా కింద పడేది కాదు. భూమిగలాయన స్కూటరు మీద వచ్చి గట్టు మీద నిలబడి తల ఊపి వెళ్ళాడు. ఆ తల ఊపుడుని బావ వారం రోజులు తలుచుకున్నాడు. కాలవ నీళ్ళు వంతుల ప్రకారం వచ్చేవి, వంతు వచ్చేసరికి కింది ఆకులు ఎండిపోయి ఉండేవి. మొక్కల తలల మీద జల్లు వేసింది, పుప్పొడి గాలికి రాలి వరసల మధ్య పసుపు చల్లినట్టు పడింది. ఆ పుప్పొడి అందుకోవాల్సిన పీచు మాత్రం పొత్తులకి సమయానికి రాలేదు. అది వచ్చేసరికి పైన రాలడానికేమీ మిగల్లేదు. అప్ప రోజూ పొద్దున్నే వెళ్ళి మొక్క మొక్కకీ చెయ్యి పెట్టి తడిమి చూసేది. మూడో మొక్కకో నాలుగో మొక్కకో చేతికేమీ తగిలేది కాదు. తగిలినచోట బొటనవేలంత.

ఆ ఏడు మాఘంలో ఒకరోజు మధ్యాహ్నం ఈదురుగాలి కొట్టింది. పెద్దదేం కాదు, ఇళ్ళ మీద పెంకు కదల్లేదు. కాని ఇరుకులో సన్నగా ఎగబాకిన కాడలు కదా, ఒకటి వాలితే పక్కదాని మీద వాలింది, అది ఇంకోదాని మీద. గట్టు మీద నిలబడి చూస్తే చేను తలదువ్వినట్టు ఒక పక్కకి పడుకుని ఉంది. బావ దిగి, పడ్డ మొక్కల్ని నాలుగేసి కలిపి నిలబెట్టి కట్టడం మొదలెట్టాడు, మూడెకరాలూ అలా కడతాడా అన్నట్టు. ఎవరూ ఆపలేదు. నేనూ దిగి కట్టాను. ఆ రోజు నోట మాట రాలేదు నాకు, అది ఊళ్ళోవాళ్ళకి గాలికంటే వింతగా అనిపించిందట.

పొత్తులు విరిచేటప్పుడు భూమిగలాయన వచ్చాడు. ఒక పొత్తు తీసి పొర ఒలిచి చూశాడు, ఒకచోట నాలుగు గింజలు, ఒకచోట బోసి, ముసలివాడి చిగుళ్ళలా. తిట్టలేదు. ఆ పొత్తుని స్కూటరు డబ్బాలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి నెలలో సరుగుడు మొక్కల లారీ వచ్చింది. ఆ మొక్కల్ని దించి నాటే పనికి కూలికి వెళ్ళినవాళ్ళలో మా బావ ఒకడు. తన చేలో తను చేసిన ఆఖరి పని అదే, అందులోనూ ఆ చేను అప్పటికి తనది కాదు.

వేసవి ముగియకుండానే వాళ్ళు చెన్నై బయలుదేరారు, అక్కడ మేడలు కట్టే పనికి. కోటబొమ్మాళి స్టేషనుకి నేనే తీసుకెళ్ళాను. రైలు ఆగింది, జనరలు పెట్టె గుమ్మం దాకా మనుషులు. బావ ముందెక్కి, ఆ చేటంత చేత్తో అప్పని లోపలికి లాక్కున్నాడు. కిటికీ దగ్గర ఇద్దరి మధ్య ఇరుక్కుని ఆయన మొహం కనిపించింది, నా వైపే చూస్తున్నాడు, ఏదో ఒకటి అంటానని ఎదురుచూస్తున్నట్టు. పొట్ట దగ్గర నవ్వు సిద్ధం చేసుకుని ఉన్నాడనిపించింది. నా దగ్గరేమీ లేదు. రైలు కదిలింది. ఆయన్ని నేను మళ్ళీ చూసింది రెండు మూడు సార్లే, అదీ చావులకీ దినాలకీ. ఆరేళ్ళ కిందట అక్కడే, ఎవరిదో కొత్త మేడకి కాపలా కాస్తూ పోయాడు. ఆయన పడుకునే గది బయట ఒక పాత తొట్టెలో మట్టి పోసి రెండు మొక్కజొన్నలు వేశాడని, వాటి మధ్య మూరెడు దూరం ఉందని అప్ప ఒకసారి ఫోనులో చెప్పింది.

ఇప్పుడు అన్నీ తెలుసు. ఏ రకం ఎంత ఇరుకుకి తట్టుకుంటుందో సంచి మీదే ఉంటుంది, యంత్రానికి చక్రం మారిస్తే చాలు, డ్రైవరు పాట వింటూ వేసుకుపోతాడు, ఒక్క మొక్క అటూ ఇటూ పోదు. వరసల వెంబడి వంగి నడిచే ఆడవాళ్ళ కబుర్లు లేవు, తాడు జరపమనే కేకలు లేవు, ఎవరి చెయ్యి పొడుగో ఎవరిది పొట్టో ఎవరికీ పట్టదు. కొలత సరిగ్గా కుదిరేసరికి ఆ కొలత కావలసిన మనుషులు ఊళ్ళో మిగల్లేదు. ఆ మూడెకరాల సరుగుడు రెండుసార్లు కొట్టేసి మళ్ళీ వేశారు. ఒత్తుగా, నిటారుగా, మా అయ్యకి నచ్చేలా పెరుగుతోంది. నేను అటువైపు వెళ్ళను.

యంత్రం వెళ్ళిపోయిన సాయంత్రం ఇంటికొచ్చేసరికి అప్ప చూరుకింద మేకుకి వేలాడుతున్న తాడు దించి, అరుగు మీద పరుచుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ దాన్ని పారెయ్యలేకపోయాను, వాడలేకపోయాను. ఆవిడ ఒక ముడి మీద బొటనవేలు పెట్టి చెయ్యి చాపింది. వయసుకి ముడుచుకుపోయిన ఆ వేళ్ళు కూడా పక్క ముడిని దాటి అవతలికి పోయాయి. ఇంకో ముడి మీద పెట్టింది, మళ్ళీ అంతే. నేను పక్కన కూర్చుని, ఆఫీసరు టేపు పరిచిన రోజే నాకు తెలిసిపోయిందని, తెలిసీ ఆ మాట అన్నానని, మొదటిసారి, నవ్వకుండా చెప్పాను. ఆవిడ ఇంకో ముడి మీదకి చెయ్యి జరిపింది. అలవాటైన జబ్బు కదా, మళ్ళీ "ఏదయినా అప్పా, ఆ బస్సు మాటకి బావ బాగా నవ్వేడు గదా" అన్నాను.

అప్ప తాడుని నెమ్మదిగా చుట్ట చుట్టి నా ఒళ్ళో పెట్టింది.

"బస్సయితే ఊరొస్తే ఆగుతాదిరా. ఇరుకయినోళ్ళు దిగిపోతారు. సేలో మొక్క ఎక్కడ దిగుతాది? అది దిగనేదు. మేం దిగిపోనాం."